చేతికందే గ్లాసు

డాక్టరు గారు ఆ విషయం నాకు ఇంగ్లీషులో చెప్పారు. నా ఇస్త్రీ చొక్కా, జేబులో పెన్ను చూసి ఆ భాష ఎంచుకొని ఉంటారు. కడుపులోని గడ్డ కాలేయం వరకు పాకిందని, కోసినా ప్రయోజనం లేదని, ఇంటికి తీసుకుపోయి బాధ తెలియకుండా చూసుకోవడం ఒక్కటే మిగిలిందని మర్యాదగా వివరించారు. గది తలుపు తెరిచే ఉంది. బయట బెంచీ మీద మా నాన్న గోడకు ఆనుకొని కూర్చున్నాడు. ఆయనను మేము బాపు అని పిలిచేవాళ్ళం. అది ఆయన ముప్పై ఏళ్ళు వార్డు అటెండరుగా పనిచేసి, రెండేళ్ళ కిందట రిటైరైన సర్కారు దవాఖాన.

నేను బయటికి వచ్చి, "పుండట బాపూ. మందులు రాసిండు. కొన్ని దినాలు మంచం మీదనే ఉండాలంట," అన్నాను.

బాపు కొంచెంసేపు నా ముఖం చూశాడు. "గట్లనా," అన్నాడు.

డెబ్భయ్యో దశకం చివరి సంవత్సరాలవి. ఆ జబ్బు పేరు రోగి చెవిన పడనివ్వడం మా ఇళ్ళలో ఘోరమైన అపచారం. చుట్టాలకు చెప్పవచ్చు, ఇరుగుపొరుగుకు చెప్పవచ్చు, మంచం మీద ఉన్న మనిషికి మాత్రం చెప్పకూడదు. ఆ పని నేను శ్రద్ధగా నిర్వహించాను. మందుల చీటీలు సైతం బాపు కంట పడకుండా దాచేవాణ్ణి. ఆయనకు చదువు రాదన్న సంగతి ఆ జాగ్రత్తలో నాకు గుర్తు రాలేదు.

మా వంశంలో మొదట డిగ్రీ చదివినవాణ్ణి నేను. బాపు జీవితమంతా ఎవరో చదివి వినిపించిన కాగితాల మీద వేలిముద్ర వేశాడు. వాళ్ళు చదివింది ఒకటి, అందులో ఉన్నది మరొకటి అని తరవాత తెలిసేది. "నువ్వు చదువుకుంటే నన్నెవ్వడు మోసం చెయ్యడు" అని ఆయన నాకు చిన్నప్పటి నుంచి చెప్పిన మాట. కాబట్టి మా ఇంట్లో అనుమానించడం నా బాధ్యత. సర్కారు దఫ్తరులో గుమాస్తాగా చేరిన తరవాత ఆ బాధ్యతకు ఒక పద్ధతి కూడా ఏర్పడింది.

ఛత్రినాకలో మాకు రెండు గదుల అద్దె ఇల్లు ఉండేది. నెల తిరగకముందే బాపు తనంతట తాను లేవలేని స్థితికి వచ్చాడు. అమ్మ వేళ్ళు కీళ్ళవాతంతో వంకర తిరిగి ఉన్నాయి. ఒకరోజు పొద్దున ఆయనను లేపబోయి ఇద్దరూ జారి నేల మీద కూలబడ్డారు. నేను పరిగెత్తి వచ్చేసరికి మంచం కోడుకు వీపులు ఆనించి పక్కపక్కన కూర్చొని ఉన్నారు.

"ముప్పయ్యేండ్లు స్ట్రెచర్ మోసిన," అన్నాడు బాపు ఆయాసపడుతూ. "ఇయ్యాల స్ట్రెచరే పడ్డది."

అమ్మ నవ్వలేదు. ఆయన నడుము కింద చర్మం కమిలి ఎర్రబడి ఉండడం ఆమె అప్పుడే చూసింది. "ఎవరన్న మనిషిని చూడు కొడుకా," అన్నది నాతో. "నా చేతులతోని అయితలేదు."

మరణానికి దగ్గరైన మనిషిని చూసుకునే చోటికి అప్పట్లో మన దగ్గర ఒక పేరు కూడా లేదు. నేను ఒక ఫుల్‌స్కేప్ కాగితం తీసుకొని, దఫ్తరులో నోటు రాసేటప్పటిలా ఎడమ వైపు మడత పెట్టి, పద్నాలుగు ప్రశ్నలు రాసుకున్నాను. నర్సు ఉన్నదా, ఆమెకు సర్టిఫికెట్ ఉన్నదా, రోగిని రోజుకు ఎన్నిసార్లు పక్కకు తిప్పుతారు, ఇలా. పక్కన మూడు గడులు గీశాను.

మొదటి గడి సిస్టర్లు నడిపే ఒక ఆశ్రమానిది. అక్కడ నా అనుమానం మత మార్పిడి గురించి. తొమ్మిదో ప్రశ్న దాని కోసమే రాశాను. ఆఖరి గడియల్లో మీరు నీళ్ళు చల్లుతారా అని అడిగాను. అక్కడి పెద్ద సిస్టర్ నన్ను శాంతంగా చూసి, "నీళ్ళు తాగిస్తాం. చల్లం," అన్నది. ఆ తరవాత తమ దగ్గర ఆడవాళ్ళకు మాత్రమే మంచాలు ఉన్నాయని చెప్పింది. అది మొదటే చెప్పి ఉండవచ్చు కదా అని నాకు దారంతా సందేహం.

రెండవది అఫ్జల్‌గంజ్‌లో కిరాణా గోదాముల వెనుక, ఒక పాత మేడ పై అంతస్తులో ఉన్న ప్రైవేటు సదనం. మెట్ల మీద ఎండుమిరప ఘాటు. మేనేజరు నన్ను "సార్" అని పిలిచి కుర్చీ వేశాడు. మూడు భాషల్లో అచ్చు వేసిన నిబంధనల కాగితం నా చేతికిచ్చాడు. అడుగున గుండ్రటి రబ్బరు ముద్ర కూడా ఉంది.

"నర్సు ఉన్నదా?"

"ఉన్నది సార్."

"పక్కకు తిప్పుతరా?"

"రూల్లనే ఉన్నది సార్. ఏడో నంబర్." ఏడో నంబరు మీద వేలు పెట్టి చూపించాడు. అలాగే రాసి ఉంది. రాసి ఉన్నది జరిగినట్టే లెక్కకట్టే ఉద్యోగం నాది. టిక్కు పెట్టాను.

మంచాలు చూపించమన్నాను. అతను తలుపు సగం తెరిచాడు. ఎనిమిది మంచాలు, తెల్లటి చద్దర్లు, గోడ వైపు తిరిగి పడుకున్న మనుషులు. తలుపు పక్కన చెక్క పలక మీద ఎనిమిది స్టీలు గ్లాసులు వరుసగా బోర్లించి, ఒక్కొక్క దాని మీద ఎర్ర రంగుతో నంబరు రాసి ఉంది. ఆ నంబర్లు నాకు ఎంతో నచ్చాయి. చివరి మంచం మీది ముసలాయన నా వైపు తిరిగి పెదవులు కదిపాడు.

"రెస్ట్ టైం సార్," అని మేనేజరు తలుపు మూశాడు.

ఆ ముసలాయన ఏమనబోయాడా అని మెట్లు దిగుతూ అనుకున్న మాట నిజం. కానీ ముద్ర వేసిన కాగితం నా చేతిలో ఉంది.

మూడో గడి అమ్మ పట్టుబడితే నింపినది. మా ఇంటికి రెండు గల్లీల అవతల ఒక ముసలి ఆయా ఉండేది. అదే దవాఖానలో పనిచేసి రిటైరై, ఇళ్ళలో మంచాన పడ్డవాళ్ళను చూసుకునేది. అమ్మ నీళ్ళు పట్టే నల్లా దగ్గర ఆమెతో మాట్లాడింది. ఎదురింటావిడ అది విని, "ఆమె అడుగు పెట్టిన ఇంట్ల పదిహేను దినాలు దాటలే. పోయినోళ్ళ దిండు సుత సంచిల పెట్టుకొని పోతదంట," అని నాకు చెప్పి వెళ్ళింది. అందుకని ఆయాను ఇంటికి రానివ్వలేదు. గల్లీ మలుపులో, మూసి ఉన్న మంగలి దుకాణం అరుగు మీద కూర్చోబెట్టి ప్రశ్నలు అడిగాను.

"సర్టిఫికెట్ ఏమన్న ఉన్నదా?"

"కాగజ్ ఏం లేదు బేటా. ఆయాకు ఎవడిస్తడు కాగజ్?"

"ఇప్పటిదాక ఎంతమందిని చూసినవ్?"

"లెక్కపెట్టలే."

"వాళ్ళల్ల ఎంతమంది బాగైన్రు?"

ఆమె నా కాగితం వైపు, నా వైపు చూసింది. "ఒక్కరు సుత కాలే. బాగయ్యేటోళ్ళు నన్నెందుకు పిలుస్తరు బేటా?"

నేను గడిలో ఇంటూ గుర్తు పెట్టాను.

"నాది సుత ఒక సవాల్ ఉన్నది," అన్నది ఆమె చెప్పులు తొడుక్కుంటూ. "ఆయనకు ఎరుకేనా?"

"లేదు. తెల్వనియ్యొద్దు."

"అట్లయితే నేను రాను. అబద్ధం చెప్పుకుంట మనిషి మీద చెయ్యి పెట్టుడు నాతోని కాదు."

నాకు ఒక రకంగా ఊరటే కలిగింది. ఇద్దరూ ఒకే దవాఖాన మనుషులు. ఆమె గడప తొక్కితే చాలు, బాపుకు అన్నీ తెలిసిపోయేవి. సోమవారం నాడు అఫ్జల్‌గంజ్‌కు తీసుకుపోవాలని నిశ్చయించి, ఆదివారం మధ్యాహ్నం బాపు మంచం పక్కన కూర్చున్నాను.

"బాపూ, రేపు నిన్ను ఒక కాడికి తీస్కపోత. మంచిగ విశ్రాంతి ఉంటది. నర్సులున్నరు."

"ఏడ?"

"అఫ్జల్‌గంజ్ల."

"పోయి చూసినవా?"

"అన్ని చూసిన. పద్నాలుగు సంగతులు అడిగిన." కాగితం చూపించాను. ఆయన దాన్ని అందుకొని, టిక్కుల మీద బొటనవేలు జరుపుతూ పోయాడు.

"ఇవన్ని మంచి నిషానీలేనా?"

"అన్ని మంచియే."

"గ్లాసు ఏడ పెట్టిన్రు?"

"ఏం గ్లాసు?"

"నీళ్ళ గ్లాసు. మంచం పక్కకున్నదా, తలుపు కాడున్నదా?"

నాకు ఎర్ర నంబర్లు కళ్ళ ముందు కదిలాయి. "తలుపు కాడ. వరుసగ పెట్టిన్రు. నంబర్లు సుత రాసి..."

"బోర్లించి?"

"బోర్లించి."

బాపు కాగితాన్ని నేను పెట్టిన మడత మీదే మడిచి నాకు తిరిగి ఇచ్చాడు. "లేవలేనోడు తలుపుదాక ఎట్ల పోతడు బిడ్డా? పగటి పూట గ్లాసులన్ని బోర్లించి ఉన్నయంటె, పొద్దటిసంది ఎవ్వరికి నీళ్ళు పొయ్యనట్టు," అన్నాడు. "పెద్ద డాక్టర్ రౌండ్‌కు వచ్చే దినం మేము సుత గట్లనే పెడ్తుంటిమి. చూసేటోనికి సక్కగ కనపడ్తది."

ఆ ముసలాయన పెదవులు ఎందుకు కదిపాడో అప్పుడు నాకు తెలిసింది. అయినా నా పాత్ర వదలలేదు. "పుండు మానెదాకనే గద బాపూ, కొన్ని దినాలు..."

"పుండు," అని బాపు నవ్వబోయి కడుపు పట్టుకున్నాడు. నొప్పి తగ్గే వరకు కళ్ళు మూసుకొని, తరవాత అన్నాడు. "డాక్టర్ నీకు ఇంగ్లీష్ల చెప్పిండు. ముప్పయ్యేండ్లు నేను గా ఇంగ్లీష్ వినుకుంటనే ట్రాలీ తోసిన. టేక్ హిం హోం అంటె ఏందో నాకు ఎరుకలేదా? గా మాట పడ్డోళ్ళందర్ని గేటుదాక తోసింది నేనే."

వంటింట్లో అమ్మ గిన్నెల చప్పుడు ఆగిపోయింది.

"మరి చెప్పవైతివి?" అన్నాను.

"నువ్వంత కష్టపడి చెప్తుంటివి. అడ్డమెందుకని ఊకున్న."

పద్నాలుగు ప్రశ్నలు రాసి ఊరంతా తిరిగిన నేను, ముప్పై ఏళ్ళు మంచాల మధ్య తిరిగిన మనిషిని ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. ఆయన నా ఎదుటనే పడుకొని ఉన్నాడు.

"మీ అమ్మ నల్ల కాడ మాట్లాడిన ఆయమ్మను పిలువు," అన్నాడు బాపు. "ముందుగాల ఒక్కసారి చద్దర్ మార్పియ్యి. చూసి చెప్త."

సోమవారం పొద్దున ఆమె వచ్చింది. మోచేతుల వరకు సబ్బుతో కడుక్కొని, బాపుకు కనిపించేలా ఎదురుగా నిలబడింది.

"సలాం భాయ్. జబ్బు సంగతి ఎరుకేనా?"

"ఎరుకే."

"ఏందో చెప్పు."

బాపు జబ్బు పేరు చెప్పాడు. మా ఇంట్లో ఆ మాట పైకి వినిపించడం అదే మొదటిసారి. అమ్మ గోడ వైపు తిరిగింది.

"సరే. ఇప్పుడు చెయ్యి పెడ్తున్న," అన్నది ఆయా.

పాత చద్దరును మంచం సగానికి పొడుగ్గా చుట్టి, పక్కకు ఒత్తిగిలి ఉన్న ఆయన వీపు వరకు తెచ్చింది. కొత్త దాన్ని అలాగే చుట్టి దాని పక్కన పెట్టింది. ఒక చెయ్యి భుజం మీద, ఒక చెయ్యి తుంటి మీద వేసి, "తిప్పుతున్న భాయ్," అని చెప్పి తిప్పింది. చుట్టలు రెండూ ఆయన కింది నుంచి ఇవతలికి వచ్చాయి. పాతది తీసేసి, కొత్తది పరిచి, ముడత లేకుండా లాగింది. ఆయనను ఎత్తనేలేదు. బాపు ఆమె చేతుల మీది నుంచి చూపు తిప్పలేదు.

"ముందుగాల ఏం చూస్తవ్?" అని అడిగాడు.

"మడమలు. నడుము అందరు చూస్తరు."

బాపు తల ఊపాడు. "నీ మీద కంప్లైంట్ వచ్చింది గదా, వార్డ్ల లొల్లి చేస్తవని."

"చేసిన. చలికాలం దుప్పటి ఇయ్యకుంటె చెయ్యనా? స్టోర్ తాళం ఎవరి కాడుండె?"

"నా కాడనే ఉండె," అని బాపు ఒప్పుకున్నాడు. నా వైపు తిరిగి, "పెట్టుకో," అన్నాడు.

అలా ఆమె కుదిరింది. ఆయనకు సందేహం తీరింది గానీ నాకు కొత్తది పట్టుకుంది. దుప్పటి తగాదా మనసులో పెట్టుకొని ఉంటే?

వెళ్ళే ముందు ఆమె ఒక స్టూలు తెచ్చింది. "చెయ్యి చాపు భాయ్," అన్నది. బాపు కుడి చెయ్యి చాపాడు. వేళ్ళు ఎక్కడికి అందాయో సరిగ్గా అక్కడ స్టూలు పెట్టి, దాని మీద నీళ్ళ గ్లాసు ఉంచింది. తరవాత గడప దగ్గర ఆగి, తన గుడ్డ సంచి నోరు తెరిచి నా ముందు పట్టుకున్నది.

నన్ను వెక్కిరిస్తున్నదని అనుకున్నాను. అయినా లోపలికి చూశాను. నేను తల ఊపేదాకా ఆమె కదలలేదు. మరునాడు సాయంత్రమూ అంతే.

"గట్ల సంచి చూపుడు దవాఖాన అలవాటు," అన్నాడు బాపు నేను అడిగితే. "డ్యూటీ దిగినంక గేటు కాడ వాచ్‌మన్‌కు సంచి చూపాలె. జావ్ అంటెనే బయటికి. నా టిఫిన్ డబ్బా సుత దినాం తెరిచి చూస్తుండె."

అది విన్న తరవాత కూడా నేను రోజూ సంచిలోకి చూస్తూనే వచ్చాను. అందులో ఒక చిన్న ఇత్తడి డబ్బీ ఉండేది. దానిలోది ఏదో బాపు కణతలకు, మడమలకు రాసేది. రాసిన కాసేపటికి ఆయన నిద్రపోయేవాడు. నల్లమందు అని నాకు గట్టి నమ్మకం కలిగింది. పదిహేను రోజుల లెక్క కూడా మనసులో నడుస్తూనే ఉంది. ఒక శనివారం ఆమె నల్లా దగ్గర చద్దర్లు ఉతుకుతుండగా డబ్బీని చేతిరుమాలులో చుట్టుకొని మెడికల్ షాపుకు పోయాను. షాపతను వాసన చూసి, వేలికి రాసుకొని చూశాడు.

"కొబ్బరినూనెల కర్పూరం కలిపిన్రు సార్. అనుమానముంటె నాలిక మీద సుత పెట్టుకొని చూపిస్త."

తిరిగి వచ్చేసరికి ఆయా డబ్బీ కోసం వెతుకుతున్నది. నేను రుమాలు విప్పి ఇచ్చాను.

"దఫ్తర్ల ఏం నోట్ రాసిన్రు కొడుకా దాని మీద?" అన్నాడు బాపు మంచం మీది నుంచి.

ఆ సాయంత్రం ఆయా సంచి నోరు మామూలు కంటె వెడల్పుగా తెరిచింది.

పదిహేను రోజులు దాటాయి. నెల కూడా దాటింది. బాపు నడుము మీది కమిలిన మచ్చ మానిపోయింది, మనిషి మాత్రం సన్నబడుతూ పోయాడు. ఆయా రోజూ పొద్దున, "చెయ్యి చాపు భాయ్," అనేది. చెయ్యి ఎంత వరకు చాపగలిగితే స్టూలును అంత వరకు జరిపేది. మొదట అది మంచానికి మూరెడు దూరంలో ఉండేది. తరవాత జానెడు అయింది. నేను దఫ్తరు నుంచి వచ్చి చెప్పులు విడుస్తూ మొదట స్టూలునే చూసేవాణ్ణి. రోజు ఎలా గడిచిందో ఎవరినీ అడగవలసిన అవసరం ఉండేది కాదు.

ఒకరోజు పొద్దున స్టూలు మంచానికి ఆనింది. "ఇయ్యాల దఫ్తర్ వద్దు బేటా," అన్నది ఆయా.

బాపు అప్పుడే రెండు మాటలు మాట్లాడాడు, అమ్మను గంజి తాగావా అని అడిగాడు. ఇవాళే అని ఈమెకు ఎలా తెలుసు అనే ప్రశ్న, ఇన్ని రోజుల తరవాత కూడా, నాలో లేచి నిలబడింది. నేను చెప్పులు వేసుకున్నాను కూడా. బాపు దుప్పటి మీద వేళ్ళు కదిపాడు, రమ్మన్నట్టు. చెప్పులు విడిచి ఆయన పక్కన కూర్చున్నాను.

మధ్యాహ్నం దాటాక ఆయన గ్లాసు వైపు చూశాడు. చెయ్యి లేవలేదు. ఆయా చెంచా తీసుకుంది గానీ వెంటనే నోటికి పెట్టలేదు. ముందు ఆయన చెయ్యిని ఎత్తి, వేళ్ళను గ్లాసు చుట్టూ చేర్చి, తన చెయ్యి పైన వేసింది. ఆ తరవాత చెంచాతో మూడుసార్లు నీళ్ళు పోసింది. నాలుగోది పెదవుల పక్కనుంచి జారింది. ఆమె కొంగుతో తుడిచి, "బస్ భాయ్," అన్నది. బాపు వేళ్ళు గ్లాసు మీదే ఉన్నాయి. అమ్మ ఆయన పాదాలు పట్టుకొని కూర్చున్నది.

మరునాడు అన్నీ ముగిసి, జనం వెళ్ళిపోయిన తరవాత, ఆయా మంచాన్ని ఎండలోకి జరిపి, చద్దర్లు ఉతికి తీగ మీద ఆరవేసింది. ఎదురింటావిడ తన గడపలో నిలబడి చూస్తున్నది. దిండు తెల్లటి గలీబుతో మా కిటికీలోనే ఉంది. ఆయా చేతులు కడుక్కొని, గడప దగ్గరికి వచ్చి, సంచి నోరు తెరిచింది.

"వద్దు ఖాలా," అన్నాను. ఆమెను అలా పిన్ని వరసతో పిలవడం అదే మొదలు.

"చూడు బేటా," అన్నది. "చూడకుంటె నాకు అడుగు పడదు."

నేను వంగి సంచి అడుగు వరకు చూశాను. డబ్బీ, దువ్వెన, కళ్ళజోడు, తడి తువ్వాలు. చావు జరిగిన ఇంట్లో పోయి రమ్మని అనకూడదు, పొమ్మని అనడానికి నాకు నోరు రాలేదు. తల ఊపాను. ఆమె సంచి మూసుకొని మెట్టు దిగింది.